మొబైల్ టవర్లు పనిచేయనప్పుడు శాటిలైట్ ఫోన్, డిష్ వాడటం ఎలా?

"శాటిలైట్ ఫోన్ కొనిపెట్టుకున్నాం. విపత్తు వచ్చిన రోజు ఏం చేయాలి?" సహాయక బృందాల్లో పనిచేసేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఆ రోజు చేయాల్సింది నిజానికి తక్కువే. అంతకుముందు చేసిపెట్టుకోవాల్సిందే ఎక్కువ. లక్షణమైన పరికరం అవసరానికి పనికిరాకుండా పోయిందంటే కారణాలు చాలావరకు చిన్నవే: సిమ్ వ్యాలిడిటీ అయిపోవడం, ఛార్జర్ కనపడకపోవడం, పిన్ తెలిసిన మనిషి సెలవులో ఉండటం, ఫోన్ చేయాల్సిన నంబర్లన్నీ పనిచేయని మొబైల్‌లోనే ఉండిపోవడం. ఉపగ్రహం తప్పు వీటిలో ఒక్కటీ లేదు.

ఇంత హడావుడి అవసరమా అంటారా? 2017 సెప్టెంబరులో మరియా హరికేన్ ప్యూర్టోరికోను తాకిన మర్నాడు అక్కడి సెల్ టవర్లలో 95 శాతం దాకా మూగబోయాయి. 2022 జనవరి 15న హుంగా టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు టోంగాను బయటి ప్రపంచంతో కలిపే సముద్రగర్భ కేబుల్ తెగింది. దాన్ని బాగుచేయడానికి ఐదు వారాలు పట్టింది. అన్ని రోజులూ ఉపగ్రహాలే దిక్కయ్యాయి.

ఏ పరికరం దేనికి

సిద్ధాంతం జోలికి పోను. కొనేముందు, వాడేముందు ఈ నాలుగు రకాల మధ్య తేడా తెలిస్తే చాలు.

చేతిలో పట్టుకునే శాటిలైట్ ఫోన్: మాట్లాడటానికి, ఎస్ఎంఎస్‌కి. ఇరిడియం అనే కంపెనీ ఫోన్లు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే 66 ఉపగ్రహాలతో పనిచేస్తాయి. ధ్రువాలతో సహా భూమి మీద ఎక్కడైనా వీటికి సిగ్నల్ దొరుకుతుంది. ఇన్‌మార్‌శాట్, థురాయా అనే కంపెనీల ఫోన్లు భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహాల మీద ఆధారపడతాయి. ఈ ఒక్క తేడా కింద మూడో మెట్టులో చాలా పనికొస్తుంది.

మెసేజ్ పరికరాలు: అరచేతిలో ఇమిడిపోతాయి. చిన్న సందేశం, లొకేషన్ పంపుతాయి. ఐఫోన్ 14 నుంచి కొన్ని మొబైళ్లలోనూ ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే వీలుంది. అది కొన్ని దేశాల్లోనే పనిచేస్తుంది, కాబట్టి మీరు వెళ్లే చోట ఉందో లేదో ముందే చూసుకోండి.

డిష్, టెర్మినల్: ఇంటర్నెట్ కోసం. స్టార్‌లింక్, వీశాట్ (ఒకచోట నిలబెట్టే చిన్న డిష్), బీగ్యాన్ (ఇన్‌మార్‌శాట్ వాళ్ల చిన్న ఇంటర్నెట్ టెర్మినల్) లాంటివి ఈ కోవలోవి. వీటికి కరెంటు కావాలి, చోటు కావాలి, చూసుకునే మనిషి కావాలి.

బీకన్: 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ప్రాణరక్షణ పరికరం. దీని సంగతి చివర్లో.

బృందం చిన్నదైతే ముందు ఫోన్ కొనండి, డిష్ తర్వాత చూసుకోవచ్చు. చాలామంది తలకిందులుగా చేస్తారు. తొలి గంటల్లో కావాల్సింది వీడియో కాల్ కాదు. "ఇక్కడ ఇంతమంది ఉన్నాం, ఇది కావాలి" అన్న ఒక్క సందేశం.

సిద్ధంగా ఉంచుకోవాల్సినవి

- ఫోన్, యాక్టివేట్ చేసిన సిమ్, అదనపు బ్యాటరీ
- గోడ ఛార్జర్, వాహనంలో పెట్టే 12 వోల్టుల ఛార్జర్, రెండూ
- పరికరంలోకి దూరే సరైన కేబుల్, దానికి ఇంకో జత
- అతికించిన కాగితం: పిన్, మన శాటిలైట్ నంబరు, బ్యాలెన్స్ చూసే పద్ధతి
- నీళ్లు దూరని సంచిలో నంబర్ల జాబితా, నోటుపుస్తకం, పెన్సిల్ (తడిసిన కాగితం మీద పెన్ను రాయదు)
- దిక్సూచి
- డిష్ ఉంటే: బ్యాటరీ, సోలార్ ప్యానెల్ లేదా జనరేటర్, తాళ్లు, ఇసుక సంచులు
- అనుమతి పత్రాల నకళ్లు

1. అనుమతి సంగతి ముందే తేల్చుకోండి

దీన్ని కాగితాల తంతు అని దాటేయకండి, అరెస్టుల దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. భారత్‌లో ఇరిడియం, థురాయా ఫోన్లు అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. సందర్శకులు విమానాశ్రయంలోనే ఆగిపోవాల్సి వచ్చింది. ఇరిడియం మీద నడిచే చిన్న మెసేజ్ పరికరాలకూ ఇదే వర్తిస్తుంది, "అది ఫోన్ కాదు కదా" అంటే కుదరదు. ఇన్‌మార్‌శాట్ ఆధారిత సేవను బీఎస్ఎన్ఎల్ ద్వారా అనుమతితో తీసుకోవచ్చు. వేరే దేశాలకూ వాటి నిబంధనలు వాటికుంటాయి.

విపత్తు సాయానికి సరిహద్దు దాటి వెళ్తుంటే టాంపెరె ఒప్పందం గురించి అడిగి తెలుసుకోండి. 1998లో ఆమోదం పొంది 2005 జనవరి 8న అమల్లోకి వచ్చింది. విపత్తు వేళ కమ్యూనికేషన్ పరికరాలు తేవడానికి ఉన్న అడ్డంకులను తగ్గించడమే దాని ఉద్దేశం. అయితే అందులో చేరిన దేశాలకే అది వర్తిస్తుంది, సాయం కోరాల్సిందీ ఆ దేశమే. చేతిలో పట్టుకుని ఎవరైనా చూపించుకునే పాస్ అనుకోకండి.

2. నెలకోసారి బయటికి తీసి పరీక్షించండి

ప్రీపెయిడ్ సిమ్‌లకు గడువుంటుంది. గడువు దాటితే బ్యాలెన్స్ పోతుంది, కొన్నాళ్లకు నంబరే రద్దవుతుంది. ఆ తేదీని క్యాలెండర్‌లో రాయండి, ఇద్దరికి గుర్తుచేసే బాధ్యత ఇవ్వండి. ఒక్కరికే ఇస్తే ఆ ఒక్కరూ బదిలీ అయిన నెలలోనే గడువు తీరుతుంది.

నెలకోసారి ఆరుబయట నిలబడి ఇవి చేయండి:

- ఒక కాల్ చేయండి. అవతలివాళ్ల గొంతు వినపడటంతో ఆగకండి, మీ గొంతు వాళ్లకు వినపడిందో అడగండి.
- ఒక ఎస్ఎంఎస్ పంపండి, జవాబు తెప్పించుకోండి.
- అవతలి నుంచి మీ శాటిలైట్ నంబరుకు కాల్ చేయించండి.

ఈ మూడోది చేసేవాళ్లు బహు తక్కువ. ఇరిడియం నంబర్లు +8816తో, ఇన్‌మార్‌శాట్‌వి +870తో, థురాయావి +88216తో మొదలవుతాయి. ఆఫీసు ఫోన్లలో, మామూలు మొబైల్ ప్లాన్లలో ఈ కోడ్‌లకు కాల్ వెళ్లకుండా ఆపేసి ఉండటం చాలా మామూలు. కంట్రోల్ రూమ్ మీకు తిరిగి ఫోన్ చేయలేకపోతోందన్న సంగతి విపత్తు రోజున తెలిస్తే లాభమేముంది?

నంబర్ల జాబితాలో ప్రతి నంబరునూ దేశ కోడ్‌తో సహా రాయండి. పక్క వీధిలో ఉన్న మనిషికి చేసినా శాటిలైట్ ఫోన్‌కి అది అంతర్జాతీయ కాలే. + లేదా 00, దేశ కోడ్, ఆపైన నంబరు. ల్యాండ్‌లైన్ అయితే ఎస్‌టీడీ కోడ్ ముందున్న సున్నా తీసేయండి. అంబులెన్స్, పోలీసుల చిన్న నంబర్లు శాటిలైట్ ఫోన్ నుంచి మీ ప్రాంతానికి చేరతాయని నమ్ముకోవద్దు. ఆ కార్యాలయాల పూర్తి నంబర్లు ముందే సేకరించి పెట్టుకోండి.

3. చోటు ఎంచుకోండి

సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి. శాటిలైట్ ఫోన్ ఇంట్లో పనిచేయదు. కిటికీ పక్కన, వరండాలో, వాహనంలో కూడా పనిచేయదనే అనుకోండి. ఆకాశం కనపడాలి. తడిసిన ఆకుల గుబురు కూడా సిగ్నల్‌ను మింగేస్తుంది.

ఇక్కడి నుంచి పద్ధతి మీ నెట్‌వర్క్‌ను బట్టి మారుతుంది.

ఇరిడియం అయితే యాంటెన్నా పూర్తిగా బయటికి లాగి నిటారుగా ఆకాశం వైపు ఉంచండి. ఉపగ్రహాలు కదులుతూ పోతాయి. ఒక్కోటి మీ ఆకాశాన్ని దాటడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. ఇరుకు లోయలోనో, రెండు ఎత్తయిన భవనాల మధ్యనో ఉంటే కాల్ మధ్యలో తెగడం సహజం. అక్కడే నాలుగైదు నిమిషాలు ఆగి మళ్లీ చేయండి, ఇంకొకటి వస్తుంది.

ఇన్‌మార్‌శాట్, థురాయా అయితే ఆగడం వల్ల ఏమీ ఒరగదు. ఉపగ్రహం కదలదు, కదలాల్సింది మీరే. అవి భూమధ్యరేఖ మీద ఉంటాయి కాబట్టి ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లు దక్షిణం వైపు, దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు ఉత్తరం వైపు ఆకాశం తెరిపిగా ఉండే చోటు వెతకాలి. భూమధ్యరేఖకు దగ్గరైతే దాదాపు నడినెత్తి మీదే ఉండొచ్చు, తూర్పుకో పడమరకో ఒరిగీ ఉండొచ్చు. మీ సేవాసంస్థ ఇచ్చే మ్యాప్‌లో దిశ, ఎత్తు కోణం చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి. దిక్సూచిని వాహనానికి, ఇనుప కంచెకు దూరంగా వచ్చి చూడండి. లేదంటే అది అబద్ధం చెబుతుంది.

తరచూ జరిగే తప్పు: కాల్ అయ్యాక యాంటెన్నా మడిచి ఫోన్‌ను సంచిలో పెట్టేసి, "మాకు మెసేజ్‌లే రావట్లేదు" అనడం. యాంటెన్నా మడిస్తే ఫోన్ ఆన్‌లో ఉన్నా ఉపగ్రహానికి లేనట్టే. రోజంతా తెరిచి ఉంచితే బ్యాటరీ అయిపోతుంది. అందుకే ఐదో మెట్టులో చెప్పే టైమ్‌టేబుల్.

4. మాట్లాడేముందు రాసుకోండి

కాల్ కలిసిన ఆనందంలో జనం ముందు "హలో, వినపడుతోందా, ఎలా ఉన్నారు" అంటూ నిమిషం ఖర్చుపెడతారు. ఈలోగా లైన్ తెగుతుంది. చెప్పాల్సింది ముందే కాగితం మీద ఈ వరుసలో రాసి, చూసి చదవండి:

- ఎవరు మాట్లాడుతున్నారు, తిరిగి చేయాల్సిన నంబరు
- ఎక్కడున్నారు
- ఏం జరిగింది, ఏ టైముకి
- గాయపడినవాళ్లు ఎందరు, ఏ స్థితిలో
- ఏం కావాలి, ఎంత
- దారి ఎలా ఉంది
- మళ్లీ ఎప్పుడు కాల్ చేస్తారు

నంబరు, చోటు మొదట్లోనే ఉండటానికి కారణం ఉంది. రెండో వాక్యం దగ్గర లైన్ తెగినా అవతలివాళ్లకు మిమ్మల్ని వెతకడానికి ఆధారం మిగులుతుంది.

"పరిస్థితి చాలా ఘోరంగా ఉంది, వెంటనే సాయం పంపండి" అన్న సందేశంతో అవతలివాళ్లు ఏమీ చేయలేరు. "స్ట్రెచర్ కేసులు 4, నడవగలిగినవాళ్లు 11, తాగునీరు రేపు ఉదయం దాకా, తూర్పు వంతెన తెగింది, పడవ కావాలి" అంటే పని మొదలవుతుంది.

లొకేషన్ దగ్గర మరీ జాగ్రత్త. అక్షాంశ రేఖాంశాలను దశాంశాల్లో చెబుతున్నారా, డిగ్రీలు నిమిషాల్లోనా అన్నది స్పష్టంగా అనండి. 17.30 డిగ్రీలు వేరు, 17 డిగ్రీల 30 నిమిషాలు వేరు. రెండోది దశాంశాల్లో 17.5 అవుతుంది. ఈ రెంటి మధ్య దూరం నేల మీద దాదాపు 22 కిలోమీటర్లు. హెలికాప్టర్ అంత దూరంలో తిరుగుతుంటే మీరు ఇక్కడ టార్చి ఊపుతూ ఉంటారు. బృందమంతా దశాంశ డిగ్రీలే వాడాలని ముందే ఒప్పందం చేసుకోండి. అంకెలను ఒక్కొక్కటిగా పలకండి, అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకోండి. పక్కనే గుర్తుపట్టే ఆనవాలు ఒకటి జోడించండి.

36,000 కిలోమీటర్ల దూరపు ఉపగ్రహాల మీద ప్రశ్నకూ జవాబుకూ మధ్య అర సెకను పైగా ఖాళీ వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోతారు. వాక్యం అయ్యాక "ఓవర్" అనడం ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

మాట సరిగ్గా వెళ్లకపోతే ఎస్ఎంఎస్‌కి మారండి. ఒక్క సంగతి: తెలుగు లిపిలో టైప్ చేస్తే ఒక ఎస్ఎంఎస్‌లో 70 అక్షరాలే పడతాయి, వత్తులూ గుణింతాలూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే 160. పైగా కొన్ని శాటిలైట్ ఫోన్ల తెర మీద తెలుగు గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. కాబట్టి తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. ఇలాంటప్పుడు భాషాభిమానం కాసేపు పక్కన పెట్టినా తప్పులేదు.

5. కాల్ టైమ్‌టేబుల్ పెట్టుకోండి

గంటకోసారో, రెండు గంటలకోసారో పది నిమిషాల పాటు ఫోన్ ఆన్‌లో ఉంచి, ఆరుబయట, యాంటెన్నా తెరిచి కూర్చునే మనిషి ఒకరుండాలి. మిగతా సమయం ఆఫ్. ఇలా చేస్తే ఒక బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది. వరుసగా రెండుసార్లు కాల్ రాకపోతే ఏం చేయాలో కంట్రోల్ రూమ్‌తో ముందే అనుకోండి: మనిషిని పంపుతారా, ఇంకో పరికరం మీద ప్రయత్నిస్తారా?

ప్రతి కాల్‌నూ పుస్తకంలో రాయండి. టైము, ఎవరితో, ఏం చెప్పాం, వాళ్లేం చెప్పారు. షిఫ్టు మారినప్పుడు కొత్తగా వచ్చిన మనిషి అడిగిందే మళ్లీ అడగకుండా ఈ పుస్తకం కాపాడుతుంది. బయటిదేశాల బృందాలు కలిసినచోట టైము స్థానికమా, యూటీసీనా (ప్రపంచమంతా ఒకటిగా వాడే టైము) అన్నది పేజీ పైనే రాయండి.

6. డిష్ నిలబెట్టడం

ఇంటర్నెట్ కావాల్సిన దశకు వచ్చారనుకుందాం. గాలికి కదలని చోట, నీళ్లు చేరని ఎత్తులో పెట్టి ఇసుక సంచులతో బిగించండి. స్టార్‌లింక్‌కు ఆకాశం విశాలంగా కావాలి. దాని యాప్‌లో అడ్డంకులను చూపించే పరీక్ష ఉంది, బిగించేముందే అది చేయండి. ప్లాన్ ఆ దేశంలో పనిచేసేదేనా అన్నదీ అప్పుడే చూడండి. బీగ్యాన్ అయితే ముందు జీపీఎస్ చిక్కాలి. ఆ తర్వాత దిశ చూసుకుని, మెల్లగా తిప్పుతూ, సిగ్నల్‌ను బట్టి అది చేసే శబ్దం బలపడే చోట ఆపండి. చాలామంది గబగబా తిప్పి సరైన చోటును దాటేస్తారు.

హెచ్చరికలు: పనిచేస్తున్న యాంటెన్నా ముందు నిలబడకండి, పిల్లల్ని పోనివ్వకండి. పరికరం మీద రాసిన సురక్షిత దూరం పాటించండి. ఉరుములు మెరుపులప్పుడు డిష్ దగ్గరికి వెళ్లకండి. నేల మీది కేబుళ్లకు కాళ్లు తగలకుండా పూడ్చండి లేదా పైనుంచి కట్టండి.

కుండపోత వానలో కేయూ, కేఏ బ్యాండ్ల (ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాల) మీద నడిచే డిష్‌లు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. దాన్ని విప్పి సరిచేయాలని చూడకండి, వాన తగ్గితే అదే వస్తుంది. చేతిలోని ఫోన్లు వాడే ఎల్ బ్యాండ్‌ను (తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలను) వాన పెద్దగా పట్టించుకోదు. డిష్ వచ్చింది కదా అని ఫోన్‌ను పెట్టెలో పెట్టేయొద్దని చెప్పేది ఇందుకే.

ఇక అసలు గొడవ: వైఫై మొదలైన పావుగంటకే నెట్ పాకుతుంది. ఎక్కువసార్లు దానికి కారణం అప్‌డేట్లు దించుకుంటున్న ల్యాప్‌టాప్‌లు, ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్న మొబైళ్లు. బృందానికి ఒక వైఫై, జనానికి మరొకటి పెట్టి రెండోదానికి వేగం పరిమితి పెట్టండి. పాస్‌వర్డ్ గోడ మీద రాయకండి. బాధితుల కుటుంబాలు "మేం బతికే ఉన్నాం" అని చెప్పుకోవడానికి రోజులో కొంత సమయం తప్పకుండా ఇవ్వండి, అదీ సాయంలో భాగమే. వీడియోలు మాత్రం ఆపేయండి.

7. కరెంటు లెక్క వేయండి

డిష్ 75 వాట్లు తీసుకుంటుందనుకోండి (మీ పరికరం లేబుల్ చూడండి). 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1,200 వాట్-అవర్లుంటాయి. లెడ్-యాసిడ్ బ్యాటరీ అయితే సగమే వాడటం మంచిది, అంటే 600. 75తో భాగిస్తే ఎనిమిది గంటలు. ఇన్వర్టర్ తినేది తీసేస్తే ఏడు. "పెద్ద బ్యాటరీ ఉంది, రెండు రోజులు వస్తుంది" అనేవాళ్లను ఈ లెక్క వేయమనండి. సరిపడా కరెంటు దొరక్కపోతే డిష్‌ను కూడా టైమ్‌టేబుల్ ప్రకారమే నడపండి. జనరేటర్‌ను గదిలోపల, గుడారం పక్కన ఎప్పుడూ నడపకండి, దాని పొగ ప్రాణం తీస్తుంది.

8. రెండో దారి ఉంచుకోండి

ఒకే కంపెనీ మీద రెండు ఫోన్లు కొంటే రెండు దారులున్నట్టు కాదు. 2024 ఏప్రిల్‌లో థురాయా-3 ఉపగ్రహంలో లోపం వచ్చి ఆసియా-పసిఫిక్‌లో చాలాచోట్ల ఆ సేవ ఆగిపోయింది. 2025 జులై 24న స్టార్‌లింక్ దాదాపు రెండున్నర గంటలు ప్రపంచవ్యాప్తంగా నిలిచిపోయింది. రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు ఉండాలి. అంత డబ్బు లేకపోతే శాటిలైట్ ఫోన్ ఒకటి, హ్యామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియో) తెలిసిన స్నేహితుడు ఒకరు. ఊరి లోపలి పనికి మామూలు వాకీటాకీలు చాలు, ఉపగ్రహాన్ని ఊరి బయటికి మాత్రమే వాడండి.

బీకన్ గురించి

ప్రాణాపాయంలోనే నొక్కాల్సినది. 406 మెగాహెర్ట్జ్ బీకన్ సంకేతాన్ని కాస్పాస్-సార్శాట్ అనే అంతర్జాతీయ రక్షణ వ్యవస్థ ఉపగ్రహాలు పట్టుకుని రక్షణ కేంద్రానికి చేరవేస్తాయి. వ్యక్తిగత బీకన్ కనీసం 24 గంటలు సంకేతం పంపాలి. కొనగానే మీ పేరు, ఇంటివాళ్ల నంబర్లతో రిజిస్టర్ చేయండి. రిజిస్టర్ కాని బీకన్ మోగితే అది ఎవరిదో కనుక్కోవడానికే సమయం పోతుంది. పరీక్షించాలంటే సెల్ఫ్-టెస్ట్ మీటనే వాడండి, అసలు మీట నొక్కి చూడకండి. పొరపాటున నొక్కితే ఆఫ్ చేసి ఊరుకోకుండా రక్షణ కేంద్రానికి ఫోన్ చేసి చెప్పండి. ఎవరైనా పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్ చవగ్గా ఇస్తానంటే వద్దనండి. ఆ సంకేతాన్ని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1న ఆగిపోయింది. కొత్త బీకన్లలోనూ 121.5 ఉంటుంది కానీ, అది దగ్గరికొచ్చిన రక్షకులు దిశ పట్టడానికి మాత్రమే.

పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి

సిగ్నల్ గీతలను నమ్మకండి. గీతలు నిండుగా ఉండి కాల్ వెళ్లకపోతే బ్యాలెన్స్, దేశ కోడ్ చూడండి. "సెంట్" అని కనిపిస్తే మీ పరికరం నుంచి వెళ్లిందనే అర్థం, అవతలివాళ్లు చదివారని కాదు. "అందింది" అన్న జవాబు వచ్చేదాకా పుస్తకంలో టిక్కు పెట్టకండి. డిష్ అయితే భారీ స్పీడ్ టెస్టులతో డేటా తగలేయకుండా బయటికి ఒక చిన్న మెయిల్ పంపి జవాబు తెప్పించుకోండి.

ఇవన్నీ చదివాక ఒక పరీక్ష పెట్టండి. బృందంలో ఈ ఫోన్ ఎప్పుడూ ముట్టుకోని మనిషిని పిలిచి, పెట్టె చేతికిచ్చి, "కంట్రోల్ రూమ్‌కి మన లొకేషన్ చెప్పు" అనండి. మీరు నోరు మెదపకండి. ఎక్కడ తడబడ్డారో చూసి, ఆ ముక్కను పెద్ద అక్షరాల్లో రాసి పెట్టె మూత లోపల అతికించండి.